"ఏం పని చెయ్యదు, ఇంట్లనే ఉంటది"

(ఆగస్టు 7, జాతీయ చేనేత దినోత్సవం నాడు నల్లగొండలో డిగ్రీ విద్యార్థినుల సభలో ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. మైకు కొంచెం కిందికి దించు బిడ్డా, నేను పొట్టిదాన్ని. ఆ, చాలు.

ఇందాక నన్ను పరిచయం చేసిన మేడం "చేనేత కుటుంబంలో పుట్టి పెరిగిన" అన్నారు. నిజమే. కానీ మేం నలుగురం ఉన్న ఆ ఇంట్లో చేనేత కార్మికుడు ఒక్కడే అని లెక్క. మా నాయిన. ఆ లెక్క ఎట్లా వచ్చిందో ముందు చెప్తాను.

మాది గట్టుప్పల పక్కన ఊరు. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు మగ్గాల లెక్క రాసుకోవడానికి ఒకాయన వచ్చాడు. వసారాలో పీట మీద కూర్చుని, మా నాయినను ఒకటొకటి అడుగుతూ రాసుకుంటున్నాడు. పేరు, వయసు, మగ్గాలు ఎన్ని, సొంతమా కూలి మగ్గమా. చివరికి "ఇంటామె ఏం పని చేస్తది?" అన్నాడు. మా నాయిన గుంట మగ్గంలో కూర్చుని ఉన్నాడు. అడ్డపోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడెను ఆపకుండానే జవాబు చెప్పాడు: "ఏం పని చెయ్యదు. ఇంట్లనే ఉంటది."

ఆ మాట అన్నప్పుడు మా అమ్మ ఎక్కడుంది? ఆ పీట మీది మనిషికి రెండు గజాల దూరంలో, అదే వసారాలో, గోడ వారగా కూర్చుని, నేతకు దారం సిద్ధం చేస్తూ ఆసు పోస్తోంది. తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెట్టింది. ఆయన కూడా చూస్తూనే ఉన్నాడు. చూసి, మా నాయిన చెప్పిందే రాసుకున్నాడు.

మా నాయిన చెడ్డవాడు కాదు. అబద్ధాలకోరు అసలే కాదు. ఇంట్లో ఆడమనిషి చేసేది పని అని ఆయనకు ఎవరూ చెప్పలేదు, అంతే. మరి మగ్గం కూడా ఇంట్లోనే ఉంది కదా, ఆయనా ఇంట్లోనే ఉన్నాడు కదా! ఈ ప్రశ్న నాకు అప్పుడు తోచలేదు. తోచడానికి ముప్పై ఏళ్లు పట్టింది. అప్పటికి నేను టీచర్‌ను కూడా అయిపోయాను. (నవ్వులు)

మీలో ఎంతమందికి ఆసు తెలుసు? చేతులెత్తండి. ఏడుగురు, ఎనిమిది మంది. మిగతావాళ్ల కోసం చెప్తాను, కొంచెం ఓపిక పట్టాలి. ఇది తెలియకపోతే తర్వాత చెప్పేదేదీ ఎక్కదు.

మామూలు చీరలో పూవు కావాలంటే గుడ్డ నేసిన తర్వాత అద్దవచ్చు, కుట్టవచ్చు. లేదా నేస్తున్నప్పుడే వేరే రంగు దారం ఎక్కించవచ్చు. మన పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం, గట్టుప్పల నేతలో అట్లా కుదరదు. ఇక్కడ బొమ్మ ముందు దారంలోకి వస్తుంది. గుడ్డ ఇంకా పుట్టలేదు, అప్పటికే చిలుక పుట్టింది. దారం మీద ఎక్కడ ఎరుపు పడాలి, ఎక్కడ తెలుపు మిగలాలి అని ముందే లెక్కగట్టి, తెలుపు మిగలాల్సిన చోట గట్టిగా కట్టి, రంగులో ముంచుతారు. దీన్నే చిటికీ కట్టడం అంటాం. కట్టడానికి వాడేది ఏమిటనుకుంటున్నారు? సైకిల్ ట్యూబు. సన్నని పీలికలుగా కోసిన రబ్బరు. మా ఊళ్లో పంక్చరైన ట్యూబును ఎవరూ పారెయ్యరు.

ఆ కట్టు కట్టాలంటే దారం చిందరవందరగా ఉండకూడదు. చీర వెడల్పుకు సరిపోయేట్టు, నేతలో ఏ పోగు తర్వాత ఏ పోగు వస్తుందో ఆ వరసలోనే దాన్ని పరిచి పెట్టాలి. పేకకు, అంటే అడ్డపోగుకు, చేసే ఈ పనే ఆసు పోయడం. ఒక చెక్క చట్రం. ఒక పక్క ఒక మేకు. దానికి ఎదురుగా అర్ధచంద్రాకారంలో మేకుల వరస. దారం వేళ్ల మధ్య పట్టుకుని, ఈ మేకు నుంచి ఎదుటి మేకుకు, అక్కణ్నుంచి మళ్లీ ఇటు. మళ్లీ అటు. ఒక్క చీరకు చెయ్యి ఇట్లా దాదాపు 9,000 సార్లు తిరగాలి. రోజుకు రెండు చీరల ఆసు పోస్తే 18,000 సార్లు. ఒక్కసారికి గజం దూరమే అనుకుని లెక్కేయండి. ఒక్క చీరకే చెయ్యి ఎనిమిది కిలోమీటర్లు నడుస్తుంది. ఇక్కడి గడియారం సెంటర్ నుంచి పానగల్ గుడిదాకా పోయి తిరిగి వచ్చినంత. కాళ్లు మాత్రం కూర్చున్న చోటు నుంచి కదలవు.

ఇందులో పరధ్యానం పనికిరాదు. మేకు తప్పితే వరస తప్పుతుంది. అద్దకం అయ్యాక ఆ దారాన్ని విప్పి, వరస చెడకుండా కండెలకు, అంటే నాడెలో పెట్టే చిన్న గొట్టాలకు, చుట్టాలి. అదీ ఆడవాళ్లే. కండెలను కూడా వరసలోనే పేర్చి మగ్గం దగ్గర పెట్టాలి. ఒక్క కండె అటుదిటు అయితే చిలుక ముక్కు చిలుక వీపు మీదికి పోతుంది. (నవ్వులు) నవ్వండి, కానీ ఆ రోజు మా ఇంట్లో ఎవరూ నవ్వేవాళ్లు కాదు. ఆ చీరకు షావుకారు కూలి కోస్తాడు.

ఇంకా ఉంది. రాట్నం తిప్పి దారం తోడడం. పాత పడుగు, అంటే నిలువు పోగు, అయిపోతే కొత్త పడుగును దానికి పోగు పోగుకూ కలిపి అతకడం. వేల పోగులు. మా ఇంట్లో ఇదంతా అయ్యాక మా నాయిన వచ్చి మగ్గంలో కాళ్లు పెట్టేవాడు. అప్పుడు "నేత" మొదలైనట్టు లెక్క. టకటక చప్పుడు వినబడుతుంది కాబట్టి వీధిలో పోయేవాళ్లకు నేస్తున్నారని తెలుస్తుంది. ఆసుకు చప్పుడు లేదు.

కూలి చీర లెక్కన ఇస్తారు. నూలో పట్టో షావుకారు దగ్గర తెచ్చుకుంటాం, నేసి తీసుకుపోయి ఇస్తాం. తీసుకుపోయేది మా నాయిన. పైసలు ఆయన చేతికే వస్తాయి. అందులో ఆసుకు ఎంత, కండెలకు ఎంత అని ఎవరూ విడదీయరు. సొంత మగ్గం లేని ఇళ్ల ఆడవాళ్లు వేరేవాళ్లకు ఆసు పోసి కూలి తెచ్చుకునేవాళ్లు. వాళ్లకు కనీసం తమ పనికి ఒక ధర ఉందని తెలుసు. మా అమ్మకు అదీ తెలియదు.

ఇక్కడ ఒక పేరు చెప్పాలి. చింతకింది మల్లేశం గారు. ఆలేరు దగ్గర శారాజిపేట. పెద్ద చదువులు చదవలేదు, చిన్న క్లాసులోనే బడి మానేసి మగ్గం ఎక్కాడు. వాళ్లమ్మ లక్ష్మిగారు ఆసు పోసీ పోసీ భుజం నొప్పితో నలిగిపోయేది. ఆ నొప్పి చూడలేక 1992లో ఆసు పోసే యంత్రం చెయ్యడానికి కూర్చున్నాడు. అప్పులు చేశాడు, ఊళ్లో వాళ్ల మాటలు పడ్డాడు, హైదరాబాద్‌లో చిన్న చిన్న పనులు చేసుకుంటూ 1999లో పూర్తి చేశాడు. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. 2011లో పేటెంటు, 2017లో పద్మశ్రీ. యంత్రానికి అమ్మ పేరే పెట్టుకున్నాడు: లక్ష్మీ ఆసు యంత్రం.

ఆయన కథ మీలో చాలామందికి తెలుసు. సాధించిన కొడుకు కథ అని చెప్పుకుంటాం. చెప్పుకోవాలి కూడా. నేను చూసే వైపు వేరు. అన్ని తరాలుగా అన్ని వేల ఇళ్లలో ఆడవాళ్ల భుజాలు పడిపోతుంటే, దాన్ని ఒక సమస్య అని లెక్కపెట్టిన మొదటి మగపిల్లవాడు, నాకు తెలిసినంతలో, ఆయన. మగ్గానికి బొమ్మలు ఎత్తే జాకార్డు పరికరం వచ్చింది, రకరకాల మార్పులు వచ్చాయి. ఆసు మాత్రం మా అవ్వ కాలంలో ఎట్లా ఉందో మా అమ్మ కాలంలోనూ అట్లనే ఉంది. ఎందుకు? ఏ పనీ చెయ్యని మనిషికి యంత్రం ఎందుకు?

ఇంకో సంగతి కూడా చెప్తాను, ఇది మా వాడకట్టులో నేను కళ్లారా చూసింది. మా తమ్ముడు ఆసు మిషన్ కొన్నాడు. మా అమ్మకు భుజం నొప్పి తగ్గింది, రాత్రిళ్లు నిద్ర పట్టింది, ఆ మిషన్‌కు రోజూ దండం పెట్టినా తప్పులేదు. కానీ మిషన్ వచ్చాక దాని ముందు తమ్ముడు కూర్చున్నాడు. బయటివాళ్ల ఆసు కూడా పోసిస్తున్నాడు, చీరకు ఇంత అని రేటు చెప్తున్నాడు. మొన్న ఎవరో అడిగితే "ఆసు మిషన్ నడిపిస్తున్న" అని గర్వంగా చెప్పాడు. చూశారా? చేతితో పోసినన్నాళ్లు అది ఇంట్లో ఉండడం. కరెంటుతో పోసేసరికి పని అయింది.

మీకు అంకెలు కావాలి కదా. 2019-20లో జరిగిన నాలుగో అఖిల భారత చేనేత గణనలో దేశంలో 35 లక్షల పైచిలుకు చేనేత కార్మికులు తేలారు. అందులో 72 శాతం ఆడవాళ్లు. పేపర్లో ఆ అంకె చూసి నేను చాలా సంతోషపడ్డాను. తర్వాత నిదానంగా చూస్తే, అందులో అస్సాం, ఈశాన్య రాష్ట్రాలదే పెద్ద వాటా. అక్కడ మగ్గం మీద కూర్చునేదే ఆడవాళ్లు, ఇంటింటా ఆడపిల్లకు నేత వస్తుంది. మన దగ్గర లెక్క వేరు. మగ్గం మీద కూర్చున్నవాడు నేతకారుడు, మిగతా అందరూ "అనుబంధ కార్మికులు". కాగితాల్లో మాట అదే. అనుబంధం! ఎంత తియ్యటి మాటో చూడండి. పని చేయించుకుని ప్రేమ అన్నట్టుంది. (నవ్వులు)

మగ్గాలకు ఇప్పుడు జియో ట్యాగింగ్ నంబర్లు, అంటే ఏ మగ్గం ఎక్కడుందో చెప్పే నంబర్లు, వేశారు. మా తమ్ముడి మగ్గానికీ ఉంది. మగ్గానికి నంబరు ఉండడం మంచిదే, దొంగ లెక్కలు పోతాయి. మా అమ్మ ఆసు చట్రం అటక మీద ఉంది. దానికి ఏ నంబరూ లేదు.

ఇందాక చెప్పిన ఈ కట్టి అద్దే నేతనే ఇక్కత్ అంటారు. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు, అంటే ఇది ఈ ఊరి సరుకే అని చట్టం వేసే ముద్ర, వచ్చింది. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో వచ్చింది. తేలియా అంటే తెలుసా? ఆముదపు కాయల పొట్టు కాల్చిన బూడిద, నూనె కలిపి నూలును రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెట్టి, మళ్లీ నానబెడతారు. ఎరుపు, నలుపు, తెలుపు, ఈ మూడే రంగులు. ఒకప్పుడు చీరాల నుంచి అరబ్బు దేశాలకు పోయిన గుడ్డ అది. మా మేనత్తను పుట్టపాకలో ఇచ్చారు. ఆమె దగ్గర పడుకుంటే చేతుల నుంచి నూనె వాసన వచ్చేది. ఎంత సబ్బు రుద్దినా పోయేది కాదు. పుట్టపాక నేతకు పద్మశ్రీలు కూడా వచ్చాయి, గజం గోవర్ధన గారికి, గజం అంజయ్య గారికి. వాళ్లు అందుకు తగినవాళ్లు, ఒక్క మాట అనడానికి లేదు.

నేను అడిగేది వేరు. భౌగోళిక గుర్తింపు ఊరికి వస్తుంది. ఆ ఊళ్లో ఎవరికి? 1951 ఏప్రిల్‌లో, పేదలకు భూమి దానం అడుగుతూ తిరిగిన వినోబా భావే వచ్చినప్పుడు వంద ఎకరాలు దానం ఇచ్చినందుకు పోచంపల్లి పేరు ముందు "భూదాన్" వచ్చి చేరింది. ఇచ్చింది ఊరు గుర్తుపెట్టుకుంది, బాగుంది. మరి రోజుకు పద్దెనిమిది వేల సార్లు ఇచ్చిన చెయ్యి?

ఆ గుడ్డను ఎవరు కడతారు అనేది కూడా అడగాలి. మా అమ్మ ఎన్ని వందల పట్టు చీరలకు ఆసు పోసిందో లెక్కలేదు. ఆమె కట్టినది ఒకే ఒక్కటి, నా పెళ్లికి. అది కూడా కండెల వరస తప్పి, అంచు దగ్గర చిలుకలు చెదిరాయని షావుకారు వాపస్ ఇచ్చిన చీర. అప్పట్లో నాకు కోపం వచ్చింది, పెళ్లికి వచ్చినవాళ్లు చూస్తే ఏమనుకుంటారని. మా అమ్మ ఏమందో తెలుసా? "చూడనియ్యి. ఆ తప్పు నాదే. గా ఒక్క చీర మీదనే నా చెయ్యి కనవడ్డది." ఆమె నవ్వుతూ అంది. నేను నవ్వలేకపోయాను.

గద్వాల, నారాయణపేట గురించి వివరంగా చెప్పాలంటే ఇంకో రోజు కావాలి, టైం చూస్తున్నారు మీ మేడం. ఒక్కటే చెప్తాను. గద్వాల చీర ఒళ్లు నూలు, అంచులు, కొంగు పట్టు. రెండింటినీ నేతలోనే కలుపుతారు. ఒళ్లుకు ఒక నాడె, రెండు అంచులకు రెండు నాడెలు. అట్లాంటి నేత ఒక్క మనిషి చేతుల పని కాదు, పక్కన రెండో మనిషి కావాలి. ఆ రెండో మనిషి తరచుగా భార్యో, కూతురో. గద్వాల నుంచి తిరుమల బ్రహ్మోత్సవాలకు, స్వామికి కట్టే ఏరువాడ పంచెలు పోతాయి, ఎంతో నియమంగా ఉండి నేస్తారు, పేపర్లలో ఫొటోలు వస్తాయి. ఈసారి ఆ ఫొటో వస్తే, అందులో ఎవరున్నారో ఎవరు లేరో చూడండి.

ఇప్పుడు దేవరకొండ పోదాం. ఇది చెప్పడం నాకు కొంచెం కష్టం, ఎందుకంటే ఇందులో తప్పు నాది.

1991లో నాకు దేవరకొండ పక్క ఒక బడికి పోస్టింగ్ వచ్చింది. చుట్టూ తండాలు. ఏడో తరగతిలో ఒక పిల్ల, పేరు చెప్పను, ఇప్పుడు పెద్ద ఉద్యోగంలో ఉంది. ఫేటియా, కాంచళి వేసుకుని బడికి వచ్చేది. ఫేటియా అంటే లంబాడీల ఘాగ్రా, కాంచళి రవిక. మీద టుక్రి, తల కప్పుకునే గుడ్డ. ఎర్రటి బట్ట, దాని మీద అద్దాలు, గవ్వలు, ఊలు బంతులు, పాత అణా బిళ్లలు. ఆ పిల్ల వరండాలో నడిస్తే గలగల చప్పుడు. గోడ మీద అద్దాల వెలుగు గెంతేది. క్లాసులో పిల్లలు "అద్దాల బీరువా వచ్చింది" అనేవాళ్లు. నేనేం చేశాను? ఎగతాళి చేసినవాళ్లను నిలబెట్టాలి కదా, ఆ పిల్లను నిలబెట్టాను. "రేపటి నుంచి మంచి బట్టలు వేసుకుని రా" అన్నాను.

మంచి బట్టలు! నేత ఇంట్లో పుట్టినదాన్ని, బట్ట విలువ తెలిసినదాన్ని, నా నోటి నుంచి వచ్చిన మాట అది.

మర్నాడు ఆ పిల్ల రాలేదు. మూడో రోజు వాళ్లమ్మ వచ్చింది. గొడవ పెట్టుకుంటుందేమో అని నాకు టెన్షన్. ఆమె బడి మెట్ల మీద కూర్చుంది. తెలుగు కొంచెం కొంచెం వచ్చు. "టీచరమ్మా, గా బట్టలు ఏం పాపం జేసినయి?" అని అడిగింది. అంతే. గట్టిగా కూడా అనలేదు. నా దగ్గర జవాబు లేదు. ఆదివారం తండాకు రమ్మంది, పోయాను.

ఆ రోజు ఆమె ఒక మూట విప్పి చూపించింది. కూతురి పెళ్లికి కుడుతున్న బట్టలు. పిల్లకు పన్నెండేళ్లు కూడా లేవు, కుట్టడం మొదలై మూడేళ్లయిందట. పొలం పనులు లేని రోజుల్లో, మధ్యాహ్నం చెట్టు కింద కూర్చుని. కాగితం మీద గీసుకోవడం లేదు, పోగులు లెక్కపెట్టి సూది దించడమే. నడుము పట్టీకి ఒక రకం కుట్టు, కింది అంచుకు ఇంకో రకం. "మా యాడి నేర్పింది, ఆమెకు ఆమె యాడి" అంది. యాడి అంటే అమ్మ. అమ్ముతావా అని అడిగాను. వింతగా చూసింది. అది అమ్మే వస్తువు అన్న ఆలోచనే ఆమెకు లేదు. మోచేతి పైకి ఉన్న తెల్లటి గాజులు, చెవుల పక్క జడకు వేలాడే ఘుగ్రీలు, ఏది ఎప్పుడు పెట్టుకోవాలో, ఏది ఎప్పుడు తీసెయ్యాలో చెప్పింది. పెళ్లయిన మనిషా కాదా అనేది ఒంటి మీది వస్తువులే చెప్తాయి. వాళ్ల ఆధార్ కార్డు ఆ బట్టలే అనుకోండి.

ఒక సంగతి తర్వాత చదివి తెలుసుకున్నాను. లంబాడీలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ దేశమంతా తిరిగిన వ్యాపారులు. దక్కనుకు వచ్చిన మొఘల్ సైన్యాలకు తిండిగింజలు చేరవేసింది వీళ్లే. ఆ రోజుల్లో ఎద్దుల మీద కప్పే గుడ్డలకూ, సంచులకూ ఇదే కుట్టు. తర్వాత రైళ్లు, రోడ్లు వచ్చి వాళ్ల వ్యాపారం పోయింది. 1871 చట్టంతో నేరస్థ జాతులు అని ముద్ర వేసే పని మొదలైంది. బండి పోయింది, ఎద్దు పోయింది, దారి పోయింది. ఆడవాళ్ల ఒంటి మీద మాత్రం ఆ కుట్టు మిగిలింది. అటువంటి దాన్ని నేను ఒక్క మాటతో బడి గేటు దగ్గర ఆపేశాను.

కొన్నాళ్లకు ఆ తండాకు స్టీలు సామాన్ల వాళ్లు రావడం మొదలైంది. పాత ఫేటియాలు ఇస్తే గిన్నెలు. మా దగ్గర పాత చీరలకు ఇస్తారు చూడండి, అట్లనే. ఆడపిల్లలు ఇక వాటిని కట్టడం లేదు, పెట్టెలో ఎలుకలు కొడుతున్నాయి, గిన్నె అయినా వస్తుంది కదా అని ఇచ్చేశారు. చాలా ఏళ్ల తర్వాత హైదరాబాద్‌లో ఒక ఎగ్జిబిషన్‌కు పోయాను. ఒక హ్యాండ్‌బ్యాగు. మధ్యలో చతురస్రంగా అద్దాల కుట్టు. కుట్టు పాతది, సంచి కొత్తది. కాంచళిని కత్తిరించి అతికించారు. ఒక అద్దం సగానికి తెగింది. ధర చూసి నేను చెయ్యి తీసేశాను. పక్కన ఒకామె "హౌ నైస్" అంటూ కొనుక్కుంది. ఆమెను ఏమనాలి? నేను మంచి బట్టలు వేసుకుని రమ్మన్నాను, ఆమె బాగుందని కొన్నది. ఇద్దరిలో ఎక్కువ తప్పు నాదే.

దేవరకొండ తండాలంటే ఒకప్పుడు పేపర్లలో వేరే వార్తలే వచ్చేవి. ఆడపిల్లలను అమ్ముకునే తండాలని రాశారు. 1999 ప్రాంతంలో దత్తత పేరుతో జరిగిన ఆ వ్యాపారం నిజమే, కొన్న సంస్థల సంగతి కంటే అమ్మిన తల్లుల ఫొటోలే ఎక్కువ అచ్చయ్యాయి. ఆ ఫొటోల్లో తల్లుల ఒంటి మీద ఈ బట్టలే. చూసినవాళ్ల మనసులో ఆ అద్దాల కుట్టుకు, ఆ పేదరికానికి ముడిపడిపోయింది. మరి ఏ ఆడపిల్ల ఆ బట్ట కట్టుకుని దేవరకొండ బస్సు ఎక్కుతుంది?

ఇప్పుడు కొన్ని తండాల్లో మహిళా సంఘాల వాళ్లు పర్సులు, మొబైల్ కవర్లు కుడుతున్నారు. "అది అసలు కళ కాదు, చెడగొడుతున్నారు" అని కొందరు పెద్దలు అంటారు. నేను అనను. ఆ పర్సు పిల్లల ఫీజు కడుతుంది. కానీ ఒక తేడా ఉంది, అది మాత్రం మనం గమనించాలి. కూతురి కోసం కుట్టినప్పుడు ఎక్కడ ఏ రంగు అనేది ఆ తల్లి ఇష్టం. ఆర్డర్ మీద కుట్టినప్పుడు "ఎరుపు తగ్గించు, గవ్వలు వద్దు, అన్నీ ఒకే సైజు" అని ఫోన్‌లో ఫొటో వస్తుంది. చెయ్యి అదే, లెక్క వేరేవాళ్లది. నా కంటే ఎక్కువ మీకే తెలుస్తుంది, మీరు కామర్స్ పిల్లలు కదా ఈ వరసంతా.

మొన్న ఫిబ్రవరిలో లంబాడీల గురువు సేవాలాల్ జయంతికి పోతే, పిల్లలంతా ఫేటియాలే! సంతోషంతో దగ్గరకు పోయి చూశాను. మిషన్ కుట్టు, ప్లాస్టిక్ అద్దాలు, కిరాయికి తెచ్చారట. ఒక పిల్లను అడిగితే "తీజ్ పండుగకు ఒకటి, దీనికి ఒకటి తెస్తం మేడం, రీల్స్‌కు మంచిగుంటది" అంది. (నవ్వులు) వాళ్ల నానమ్మ పక్కనే నైలాన్ చీరలో కూర్చుని ఉంది. చేతులు ఖాళీగా ఉన్నాయి. ఆమెను అడిగితే ఆ కుట్లన్నీ వస్తాయి. ఆ పిల్ల అడగలేదు, నేను కూడా ముప్పై ఏళ్ల కింద అడగనట్టే.

మా దగ్గర ఆడవాళ్లు చేసిన గుడ్డను ఊరంతా కట్టింది, వాళ్లు కట్టలేదు. తండాలో ఆడవాళ్లు చేసిన గుడ్డను వాళ్లే కట్టారు, ఊరంతా ఎగతాళి చేసింది. రెండూ నేను చూశాను. పాలమూరు వైపు గొర్రెలు కాసే కురుమల గొంగడి ఇంకో కథ. నల్ల గొర్రె ఉన్ని కత్తిరించేది మగవాళ్లు, ఆ ఉన్నిని దారంగా వడికేది ఆడవాళ్లు, చింతగింజల గంజి పట్టించి నేసేది మళ్లీ మగవాళ్లు. ఇప్పుడు మాంసం కోసం ఉన్ని లేని గొర్రెలు వచ్చాయి, వడికే పనే పోయింది. వడికిన వాళ్లకు పని పోయిందని కూడా ఎవరూ అనలేదు. ముందు అది పని అంటే కదా, పోవడానికి.

మనకు తెలుగులో గుర్తింపు అని ఒకే మాట ఉంది. నేనెవరినో నాకు తెలియడమూ గుర్తింపే, నన్ను నలుగురూ ఒప్పుకోవడమూ గుర్తింపే, జేబులో పెట్టుకునే కార్డూ గుర్తింపే. మొదటిది మా అమ్మకు ఎప్పుడూ ఉంది. చిలుక ముక్కు ఎక్కడుండాలో ఆమెకు తెలుసు. మిగతా రెండింటి కోసం ఈ మధ్య నేను తిరుగుతున్నాను. ఆ తిరుగుడు సంగతి చెప్పి కూర్చుంటాను.

మా అమ్మకు ఇప్పుడు ఎనభై దాటాయి. ఏదో పథకం కోసం దరఖాస్తు పెట్టాలంటే నేనే ఫారం నింపాను. వృత్తి అన్న గడి వచ్చింది. నా చెయ్యి ఆగింది. "గృహిణి" అని రాసేదాన్ని, ఇంతకాలం అదే రాశాను. ఈసారి పెద్ద అక్షరాలతో రాశాను: ఆసు కార్మికురాలు. మా అమ్మకు చదివి వినిపించాను. "గట్ల కూడ రాస్తరా?" అంది. రాస్తారమ్మా అన్నాను. ఆఫీసులో ఇచ్చి వచ్చాను. కౌంటర్లో ఉన్న అబ్బాయి చిన్నవాడు, మర్యాదగానే ఉన్నాడు, కంప్యూటర్లో టకటక కొట్టుకున్నాడు.

నెల తర్వాత కార్డు వచ్చింది. మా అమ్మ ఫొటో, పేరు, ఊరు అన్నీ సరిగ్గా ఉన్నాయి. వృత్తి దగ్గర చూస్తే "ఆశ వర్కర్". (నవ్వులు) ఎనభై ఏళ్ల ముసలమ్మ ఊళ్లో గర్భిణులకు టీకాలు వేయించడానికి తిరుగుతోందన్నమాట! ఆ అబ్బాయి తప్పు కూడా కాదు. ఆసు అనే మాట అతను ఎప్పుడూ విని ఉండడు, కంప్యూటర్లో ఆ మాట లేదు.

మా అమ్మకు చెప్తే చాలాసేపు నవ్వింది. "మీ నాయిన జెప్పినదాని కంటె నయమే" అంది.

సోమవారం మళ్లీ పోతున్నాను, సరిచేయించడానికి. ఈసారి అటక మీది ఆసు చట్రం దించి, ఆటోలో వేసుకుని పోదామని ఉంది. మీలో ఎవరికైనా ఖాళీ ఉంటే రండి, అది ఒక్కదాన్నే మోయలేను.